మంచం ఎక్కడ వేసుకోవాలి

మా బావ ఇళ్ళ బ్రోకరు. ఆ మాట ఆయన ముందు అంటే ముఖం మాడ్చుకుంటాడు. ఆఫీసు అద్దం తలుపు మీద 'గృహ సలహాదారు' అని బంగారు రంగులో రాయించుకున్నాడు. ఆ తలుపు వెనక ఉన్నదల్లా ఒక బల్ల, రెండు ప్లాస్టిక్ కుర్చీలు, గోడకు బిగించిన చెక్క, ఆ చెక్క నిండా మేకులు, మేకుమేకుకీ ఓ తాళంచెవి. ఊళ్ళో అందరూ ఆయన్ను తాళాలాయన అంటారు. నేను మనసులో అనుకునేవి ఇక్కడ రాస్తే మా అక్క నాతో మాట్లాడడం మానేస్తుంది.

నా ఉద్యోగం నీళ్ళ బోర్డులో ఫోన్లు ఎత్తడం. కుళాయిలో నీళ్ళు రావడం లేదని, వచ్చినా కంపు కొడుతున్నాయని జనం నాకే ఫోన్ చేసి తిడతారు. ఆ తిట్టేవాళ్ళలో ఎక్కువమంది మా బావ చూపించిన ఇళ్ళలోనే ఉంటారు. ఆయన నీళ్ళు వచ్చే వేళ చూసుకుని ఇల్లు చూపిస్తాడు. చీకటి గదిలో ముందే లైటు వేసి ఉంచి, "అరె, ఎవరో ఆర్పడం మర్చిపోయినట్టున్నారే" అంటాడు. చెమ్మ దిగిన గోడకు కేలండరు తగిలిస్తాడు. ఊళ్ళో ఏ ఇంట్లోనైనా గోడకు మరీ కిందగా కేలండరు కనిపిస్తే అది మా బావ చేతిపనే.

నన్నూ వదల్లేదు. సొంత మరదలినే కదా, మంచి ఇల్లు చూడండి బావా అని అడిగాను. చూశాడు. కిటికీ తెరిచి, "ఎంత ప్రశాంతంగా ఉందో చూడు, గుడ్డలు ఆరేసుకుంటే గాలికి ఇట్టే ఆరిపోతాయి" అన్నాడు. కిటికీ వెనకే రైలు పట్టాలున్నాయి. ఒక రైలు పోయాక తలుపు తీసి, రెండోది వచ్చేలోగా తాళం వేసుకుని నన్ను కిందికి దించేశాడు. ఇప్పటికీ రైలు పోతుంటే నా గిన్నెల అలమర గడగడలాడుతుంది, నేను మా బావను తలుచుకుంటాను.

పైగా తన విద్య గురించి భోజనాల దగ్గర పాఠాలు చెబుతాడు. ఎంగిలి చెయ్యి ఎండిపోతున్నా లేవడు.

"ఇల్లు నచ్చిందా అని ఎప్పుడూ అడక్కూడదు మరదలా. అడిగావా, లేని వంకలు పుట్టుకొస్తాయి. చూస్తూ ఉండాలి. వాళ్ళలో ఎవరో ఒకరు, మంచం ఇటు వేసుకుందాం, బీరువా అటు పెడదాం అంటారు. అంతే, అయిపోయింది. ఇంక మనం నోరు మూసుకోవాలి. మారుమాట లేకుండా తాళంచెవి చేతిలో పెట్టెయ్యాలి. ఆ టైములో నోరు తెరిచినవాడు బ్రోకరే కాదు."

"మరి తెలివైనవాళ్ళు వస్తే?" అంది మా అక్క, ఆయన్ను ఎగదోయడం తన ధర్మమన్నట్టు.

"తెలివైనవాళ్ళంత సులువు ఇంకొకళ్ళు లేరు. వాళ్ళకు మనం ఏదీ చూపించకూడదు. ఆ గది వద్దులెండి, మీకు నచ్చదు అనాలి. తోసుకుంటూ పోయి వాళ్ళే చూస్తారు. తామే కనిపెట్టామనుకుంటారు. తాళంచెవి చేతికొచ్చాక వాళ్ళ ముఖం చూడాలి, ఒకపక్క సంతోషం, ఇంకోపక్క ఏదో పోగొట్టుకున్నట్టు. నువ్వూ అట్లాగే పెట్టావులే ముఖం!" అని నన్ను చూసి పగలబడి నవ్వాడు.

బల్ల చివర కూర్చుని మా అక్క కూతురు ఇదంతా వింటూ ఉండేది. ఒక్కర్తే పిల్ల. చిన్నప్పుడు సెలవులొస్తే తండ్రి స్కూటరు వెనకెక్కి ఇళ్ళు చూపించడానికి తనూ పోయేది. ఆ ముచ్చట ఎక్కువకాలం సాగలేదు. ఓ పాత ఇంటి ద్వారబంధాన్ని చెదలు తినేస్తే, మా బావ దాని మీద చక్కగా రంగు వేయించి ఓ ముసలి దంపతులకు చూపిస్తున్నాడు. ఈ పిల్ల గుమ్మం దగ్గర చతికిలబడి, గోటితో రంగు గీకి, "నాన్నా, ఇవన్నీ ఎక్కడికి వెళ్తున్నాయి?" అని అడిగింది. లోపల నుంచి తెల్లటి పురుగులు బారులు తీరి బయటికొచ్చాయి. ముసలాయన చెప్పులు వేసుకున్నాడు. ఆ రోజు నుంచి పిల్లకు స్కూటరు బంద్.

పురుగులు మాత్రం దాన్ని వదల్లేదు. అగ్గిపెట్టెల్లో, సీసాల్లో, చివరికి మా అక్క కుట్టుమిషను సొరుగులో కూడా పురుగులే. ఇంటరు అయ్యేసరికి కీటకశాస్త్రం చదువుతానని తేల్చి చెప్పింది. ఆ చదువు మా రాష్ట్రంలో పేరుకే ఉంది. పక్క రాష్ట్రంలో ఓ సర్కారు విశ్వవిద్యాలయంలో దానికి ప్రత్యేకంగా పెద్ద విభాగముందట. దరఖాస్తు పెట్టింది, సీటు వచ్చింది. ఆదివారంలోగా వస్తున్నానో లేదో చెప్పకపోతే ఆ సీటు వెనకవాళ్ళకు పోతుంది.

మా బావ అగ్గిమీద గుగ్గిలమయ్యాడు.

"పురుగుల్ని చంపేవాడు నెలకోసారి డబ్బా భుజానేసుకుని మన వీధికే వస్తాడు. దానికోసం రాష్ట్రం దాటాలా? మన కాలేజీకేం తక్కువ? అక్కడా బయాలజీ ఉంది. పురుగులు బయాలజీలో ఉండవా?"

మన కాలేజీ అంటే వీధి చివరున్న ప్రైవేటు కాలేజీ. ఆ భవనం వాళ్ళకు కుదిర్చింది మా బావే. అంతకుముందు అది సోఫాల దుకాణం. ఇప్పటికీ ప్రయోగశాలలో గోడ మీద 'కూర్చుని చూడండి' అన్న అక్షరాలు సున్నం కింద నుంచి లీలగా కనిపిస్తాయి. అందులో చదివితే పిల్ల మధ్యాహ్నం ఇంటికొచ్చి అన్నం తినొచ్చట. అన్నం తినడానికి కాలేజీ ఎంచుకున్న తండ్రిని నేను ఇంకెక్కడా చూడలేదు.

నేను ఊరుకోలేదు. "ముందు ఆ యూనివర్సిటీ చూశారా బావా మీరు? చూడకుండానే వంకలు పెడతారా? మీ దగ్గరకొచ్చే వాళ్ళెవరైనా ఇల్లు చూడకుండా వద్దంటే మీరేమంటారు?"

అది తగిలింది. చూడకుండా వద్దనడం ఆయన వృత్తికే అవమానం. "చూద్దాం, చూడకేం! నాకు చూపించి నన్ను బుట్టలో వేసేవాడు ఇంకా పుట్టలేదు" అని మీసం సర్దుకున్నాడు. మా అక్కకు మోకాళ్ళ నొప్పులు, అంతదూరం రైల్లో కూర్చోలేదు. "నువ్వెళ్ళవే, లేకపోతే ఆయన దాన్ని దారిలోనే ఒప్పించి వెనక్కి తెస్తాడు" అని నన్ను తోడు పంపింది. శుక్రవారం మధ్యాహ్నం రైలెక్కాం.

దారి పొడుగునా నేను పిల్ల చెవిలో నూరిపోశాను. గట్టిగా అడుగు, ఏడువు, అన్నం మానెయ్యి, ఏదో ఒకటి చెయ్యి అన్నాను. అది కిటికీలోంచి బయటికి చూస్తూ, "చూద్దాంలే పిన్నీ" అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. తండ్రి పోలికే అనుకుంటే, తల్లి మెతకతనం కూడా వచ్చి చచ్చింది దీనికి.

మర్నాడు పొద్దున ఆ విశ్వవిద్యాలయం గేటు దగ్గర మాలాంటి వాళ్ళు బోలెడుమంది పోగయ్యారు. కొత్తగా చేరబోయే పిల్లలకు, వాళ్ళను కన్నవాళ్ళకు ఆవరణ అంతా తిప్పి చూపించే రోజట. పసుపుపచ్చ టీషర్టు వేసుకున్న ఓ అమ్మాయి మా గుంపుకు పెద్ద. ఆ పిల్ల మావైపు తిరిగి, వెనక్కి నడుస్తూ, ఆపకుండా నవ్వుతూ, ఆపకుండా మాట్లాడింది. ఇక్కడ ఈత కొలను ఉంది, ఎక్కడానికి కొండలాంటి గోడ ఉంది, నాటకాల సంఘం, నడక సంఘం, నక్షత్రాలు చూసే సంఘం, మాట్లాడకుండా కూర్చునే సంఘం కూడా ఉందట. ఆ చివరిదాన్లో ఆ పిల్లను ముందు చేర్పించాలి అనుకున్నాను.

కన్నవాళ్ళు అంతకంటే ఘనులు. ఒకావిడ ప్రతి చెట్టు దగ్గరా కొడుకును నిలబెట్టి ఫోటో తీసింది. ఇంకొకాయన లైబ్రరీ గుమ్మంలో నిలబడి, లోపల ఏసీ ఉందా అని ఒక్కటే అడిగాడు. ఉందనగానే తృప్తిపడి, లోపలికి అడుగైనా పెట్టకుండా వెనక్కి తిరిగాడు. పుస్తకాలున్నాయా అని అడిగిన మనిషి మాత్రం కనిపించలేదు. బిడ్డల చదువు కోసం వచ్చారో, పెళ్ళివారి విడిది చూడడానికి వచ్చారో వాళ్ళకే తెలియాలి.

మా బావ సంగతి చెప్పనే అక్కర్లేదు. చేతులు వెనక్కి కట్టుకుని, పెదవి విరుచుకుని, గుంపుకు ఓ పక్కగా నడిచాడు. ఫౌంటెను దగ్గర ఆగి, "నీళ్ళు ఇవాళే వదిలారు. గట్టు చూడు, పాచి పట్టిన గుర్తే లేదు" అన్నాడు. కొత్త గోడలను వేలి కణుపులతో తట్టాడు. మరుగుదొడ్లలోకి వెళ్ళి కుళాయిలన్నీ తిప్పి వచ్చాడు. "చూపిస్తున్నవన్నీ ముందు గదులే. వెనక గదులు దాచేశారు. ఈ విద్య నాకు చెప్తారా!" అని నా చెవిలో గొణిగాడు. ఆ ముఖంలో వెలుగు చూస్తే, కూతురి భవిష్యత్తు గురించి వచ్చినవాడిలా లేడు, తోటి బ్రోకరును పట్టుకున్న బ్రోకరులా ఉన్నాడు.

పిల్ల మాత్రం ఒక్క మాట మాట్లాడదు. బాగుందా నాన్నా అనదు. నేను దాని మోచెయ్యి గిల్లాను కూడా.

అప్పుడు ఆవరణ చివర, చెట్ల వెనక, ఓ పాత ఇటుకల కట్టడం కనిపించింది. పసుపుపచ్చ టీషర్టు పిల్ల దానివైపైనా చూడకుండా మమ్మల్ని ఆటస్థలం వైపు మళ్ళించింది. మా బావ ఆగాడు. "అదేంటి?"

"ఏదో పాత బిల్డింగులే నాన్నా. అక్కడ చూడ్డానికేం లేదు. పద, వాళ్ళు వెళ్ళిపోతున్నారు" అంది మా అక్క కూతురు.

ఇంకేముంది. మా బావ గుంపును వదిలేసి చెట్లలోంచి అడ్డంపడి నడిచాడు. మేము వెనక పరిగెత్తాం. అప్పుడు కూడా నాకు వెలగలేదు. నీళ్ళ బోర్డులో జీతమిస్తున్నారు గానీ నా బుర్ర కూడా అంతంతమాత్రమే.

అది కీటకశాస్త్ర విభాగం. లోపల మందుల వాసన, నేల నుంచి పైకప్పు దాకా చెక్క సొరుగులు. ఓ పొడవాటి బల్ల దగ్గర నెరిసిన జుట్టావిడ కూర్చుని, చిన్న పట్టకారుతో ఓ పురుగు కాళ్ళు సర్దుతోంది. ప్రొఫెసరట. మమ్మల్ని చూసి నవ్వలేదు, రమ్మనలేదు, పొమ్మనలేదు. మా బావకు అది తెగ నచ్చింది. చూపించడానికి ఎగబడని మనిషిని ఆయన ఆ రోజు మొదటిసారి చూశాడు.

బల్ల పక్కన అద్దం పెట్టెలో ఓ నిలువెత్తు ద్వారబంధం ఉంది. సగం మేర రంగు నిగనిగలాడుతోంది, సగం గీకేసి ఉంది. గీకిన చోట లోపలంతా డొల్ల, తేనెపట్టులా గూళ్ళు.

"ఇదేంటమ్మా?" అన్నాడు బావ.

"చెదలు తిన్న ద్వారబంధం. పైన రంగేసి ఎవడో బ్రోకరు ఇల్లు అంటగట్టాడు. ఆ ఇంటివాళ్ళు తలుపు వేస్తే గోడలోంచి ఊడి వచ్చింది" అంది ఆవిడ తల ఎత్తకుండానే.

నాకు నవ్వాగలేదు. దగ్గు తెచ్చుకున్నాను. మా బావ చెవులు ఎర్రబడ్డాయి. అక్కడితో బయటికి నడుస్తాడనుకున్నాను. నడవలేదు. సిగ్గున్నవాడైతే నడిచేవాడు. వంగి ఆ గూళ్ళ వైపు చాలాసేపు చూశాడు.

"రంగు వేశాక కూడా లోపల బతుకుతాయా?"

"భేషుగ్గా. రంగు వాటికేం చేస్తుంది? మీ కళ్ళకే గంతలు."

"మరి ఏం చేస్తే పోతాయి?"

ఆవిడ పట్టకారు కింద పెట్టి, అప్పుడు చూసింది ఆయన్ను. "మీరు చాలా ద్వారబంధాలకు రంగు వేయించినట్టున్నారే."

ఆవిడ జవాబు కోసం ఆగకుండా లేచి, ఓ సొరుగు లాగి, పుట్ట ఎక్కడ పెడతాయి, నీడ ఎందుకు కావాలి, రాణి ఎక్కడుంటుంది, అన్నీ చెప్పుకుంటూ పోయింది. మధ్యలో మా అక్క కూతురు ఓ ప్రశ్న అడిగింది. అది నాకు అర్థం కాలేదు, మా బావకూ కాలేదు. ఆవిడ ముఖం మాత్రం మారిపోయింది. "ఎవరు చెప్పారు నీకిది?" అంది. "ఎవరూ చెప్పలేదండీ, అమ్మ కుట్టుమిషను సొరుగులో చూశాను" అంది పిల్ల. ఆ తర్వాత వాళ్ళిద్దరికీ మేము అక్కడున్న సంగతే గుర్తులేదు. వాళ్ళలా తలలు దగ్గరపెట్టుకుని మాట్లాడుకుంటుంటే, పెద్దవాళ్ళ కబుర్ల మధ్య చిక్కుకున్న పిల్లాడిలా మా బావ పక్కన నిలబడ్డాడు. ఆయన కూతురితో అంత శ్రద్ధగా మాట్లాడిన మనిషిని ఆయన ఎప్పుడూ చూసి ఉండడు. ఆయనా మాట్లాడలేదు, ఆ సోఫాల కాలేజీలోనూ ఎవరూ మాట్లాడరు.

బయటికి రాగానే ఆయన మళ్ళీ మామూలైపోయాడు. "చూశావా, అసలు సరుకు వెనక దాచారు! నేను కాబట్టి కనిపెట్టాను" అన్నాడు. నేను ఆయన ముఖం వైపు చూశాను, తర్వాత పిల్ల ముఖం వైపు చూశాను. పిల్ల చెప్పు పట్టీ సరిచేసుకుంటోంది. అప్పుడు వెలిగింది నాకు. 'ఆ గది వద్దులెండి, మీకు నచ్చదు.'

హాస్టలు దగ్గర గుంపును కలిశాం. కింది అంతస్తులో ఓ గదిని నమూనాగా అలంకరించి పెట్టారు, పూలకుండీ, కొత్త దుప్పటి, బల్ల మీద దీపం. మా బావ గుమ్మంలోనే ముక్కు ముడిచాడు. "ఇది నాకొద్దు. మామూలు గది చూడాలి."

"పై అంతస్తులో ఖాళీ గదులున్నాయట నాన్నా. కానీ వద్దులే, మెట్లెక్కలేవు. పైన ఏముంటుంది, ఉత్త గది" అంది పిల్ల. అని, వార్డెను దగ్గర తాళంచెవి మాత్రం అడిగి పుచ్చుకుంది.

బావ అప్పటికే సగం మెట్ల మీదున్నాడు.

గది నిజంగానే ఉత్త గది. రెండు ఇనుప మంచాలు, రెండు బల్లలు, గోడకు కొక్కేలు, వెళ్ళిపోయిన పిల్లలెవరో అంటించిన కాగితం చింపగా మిగిలిన అంచులు. మా బావ తన పని మొదలుపెట్టాడు. కిటికీ గడియ వదులైంది. ఫ్యాను ఊగుతోంది. మూల గోడకు చెమ్మ ఉంది, ఇక్కడైతే నేను కేలండరు తగిలించేవాణ్ణి అన్నాడు. తలుపు చెక్కను పైనుంచి కిందిదాకా తట్టాడు. చెదలు లేవు. బల్ల సొరుగు లాగి మూశాడు. మళ్ళీ లాగాడు. ఆ సొరుగులో ఏం పెడుతుందో ఆయనకూ తెలుసు.

ఆదివారం అంటే రేపే. ఈయన ఇప్పుడు వద్దంటే అంతే సంగతులు, పిల్ల జీవితమంతా ఆ సోఫాల దుకాణంలో 'కూర్చుని చూడండి' కింద కూర్చుంటుంది. పిల్ల గోడకు ఆనుకుని నిలబడి ఉంది.

మా బావ కిటికీలోంచి బయటికి చూశాడు. పాత ఇటుకల కట్టడం చెట్ల సందుల్లోంచి కనిపిస్తోంది. వెనక్కి తిరిగి, కిటికీ కింది మంచాన్ని కాలితో తట్టాడు.

"ఇది ఇక్కడుంటే వాన జల్లు కొడుతుంది. నువ్వసలే జలుబు మనిషివి. ఆ గోడకు వేసుకో మంచం. తల ఇటు పెట్టుకుంటే బల్ల మీద వెలుతురూ వస్తుంది."

నేను పొంగిపోయి, అయితే ఒప్పుకున్నట్టేనా బావా అనబోయాను. పిల్ల నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. ఒక్క మాట అనలేదు. నన్ను వదిలి, నాలుగడుగులు వేసి, తాళంచెవి తండ్రి చేతిలో పెట్టింది.

ఆయన దాన్ని చూసుకున్నాడు. ఆ చేతిలో ఎన్ని తాళంచెవులు మారాయో లెక్కలేదు, కానీ ఎప్పుడూ ఇచ్చే చెయ్యే అది. తల ఎత్తి కూతుర్ని చూశాడు. ఆ పాత కట్టడం, మెట్లెక్కలేవన్న మాట, పొద్దుటి నుంచి నోరు విప్పకపోవడం, అన్నీ ఒక్కొక్కటిగా ఆయన కళ్ళలోకి రావడం నేను చూశాను. పిల్ల కళ్ళు దించుకోలేదు. ఆయన ముఖంలో ఒకపక్క సంతోషం, ఇంకోపక్క ఏదో పోగొట్టుకున్నట్టు. ఇన్నేళ్ళు ఆయన్ను ఆ ముఖంతో చూడాలని ఎంత మొక్కుకున్నానో! తీరా చూశాక నాకు నవ్వు రాలేదు.

"ఆ కిటికీ గడియ బాగుచేయించమని వార్డెనుకు చెప్పు" అన్నాడు చివరికి.

"చెప్తాను నాన్నా" అంది పిల్ల.